తరగతి గదిలో గింజలు, పురుగులు, వానపాములు: 1 నుంచి 3 తరగతుల టీచర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇవి ప్రాథమిక పాఠశాల టీచర్లకూ, అంగన్‌వాడీ కార్యకర్తలకూ, ఇంట్లో చేయించాలనుకునే తల్లిదండ్రులకూ పనికొచ్చే జవాబులు. ల్యాబ్, కిట్లు అక్కర్లేదు. వంటింట్లో, బడి ఆవరణలో, ఊళ్ళో దొరికే వాటితోనే అన్నీ చేయవచ్చు. అన్నిటికీ వర్తించే మాట ఒకటుంది: ఏడాదికి పది ప్రాజెక్టులు వద్దు. రెండో మూడో ప్రాణుల్ని ఎంచుకుని, మొదటి నుంచి చివరి దాకా, రోజూ చూడనివ్వండి.

ఏ వయసు నుంచి మొదలుపెట్టవచ్చు?

మూడేళ్ళ పిల్లలు కూడా నీళ్ళు పోయగలరు, చూసింది చెప్పగలరు. జాతీయ విద్యా విధానం 2020 ప్రకారం మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే పునాది దశ, కాబట్టి అంగన్‌వాడీలో మొదలైన పని రెండో తరగతి దాకా సాగవచ్చు. తేడా అంతా కాలంలో ఉంది. నాలుగేళ్ళ లోపు పిల్లలకు రెండు మూడు రోజుల్లో మార్పు కనిపించాలి, అందుకు పెసల మొలకలు సరిపోతాయి. ఒకటి, రెండు తరగతుల వాళ్ళు రెండు వారాలు ఆగగలరు. నెల రోజులు సాగే సీతాకోకచిలుక ప్రాజెక్టు రెండు, మూడు తరగతులకు బాగుంటుంది.

మొట్టమొదట ఏది చేయించాలి?

గాజు గ్లాసులో గింజ. దూదిలో పెట్టడం కన్నా ఇది మేలు, ఎందుకంటే దూదిలో వేరు కనపడదు.

నిటారుగా ఉండే గాజు గ్లాసు లేదా పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. న్యూస్‌పేపరు నాలుగు మడతలు పెట్టి, గ్లాసు లోపలి గోడకు ఆనేలా చుట్టండి. కాగితం జారకుండా మధ్యలో ఇంకో కాగితం ఉండ కుక్కండి. రాత్రంతా నానిన గింజలు నాలుగింటిని గాజుకూ కాగితానికీ మధ్య, పైఅంచుకు రెండు వేళ్ళ కిందుగా, దూరం దూరంగా దోపండి. అడుగున ఒక సెంటీమీటరు నీళ్ళు పోయండి. కాగితం తనే పీల్చుకుంటుంది, గింజ మాత్రం నీళ్ళలో మునగకూడదు.

గింజల్ని ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా, ఒకటి తలకిందులుగా పెట్టించండి. వేరు ఎటు వస్తుందో పిల్లల్ని ముందే బొమ్మ గీయమనండి. ఎలా పెట్టినా వేరు కిందికే వస్తుంది. వేరు రెండు సెంటీమీటర్లు పెరిగాక గ్లాసును పక్కకు పడుకోబెట్టి చూడండి, ఒకటి రెండు రోజుల్లో వేరు కొన మళ్ళీ కిందికి వంగుతుంది. నోటితో చెప్పిన పాఠం కన్నా ఇది ఎక్కువ రోజులు గుర్తుంటుంది.

ఏ గింజలు బాగుంటాయి? ఎన్ని రోజులు పడుతుంది?

పెసలు అన్నిటికన్నా వేగం: ఎనిమిది గంటలు నానితే మర్నాటికల్లా తెల్లటి మొన కనిపిస్తుంది, మట్టిలో వేస్తే మూడు నాలుగు రోజుల్లో పైకి వస్తుంది. బొబ్బర్లు, చిక్కుడు గింజలు పెద్దవి కాబట్టి చిన్న చేతులకు పట్టుకోవడానికి అనువు, నేలమీదికి రావడానికి ఐదారు రోజులు. మెంతులు, ఆవాలు రెండు మూడు రోజుల్లో మొలుస్తాయి. మొక్కజొన్నకు మరో రెండు రోజులు ఓపిక పట్టాలి. ధనియాలు మాత్రం పది రోజులు దాటినా కదలకపోవచ్చు. ఒక్కో ధనియంలో రెండు గింజలుంటాయి, అరచేత్తో మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి వేస్తే నయం. మొదటి ప్రాజెక్టుకు ధనియాలు వద్దు, పిల్లలు విసిగిపోతారు.

పెసలు, శనగలు పక్కపక్కన వేయించండి. పెసల్లో పప్పుబద్దలు కాడతో పాటు పైకి వచ్చి తర్వాత వాడి రాలిపోతాయి. శనగలో బద్దలు మట్టిలోనే ఉండిపోతాయి, మొలక ఒక్కటే పైకి వస్తుంది. “మన శనగలు ఎక్కడికి పోయాయి టీచర్?” అని వాళ్ళే అడుగుతారు. అప్పుడు తవ్వి చూడనివ్వండి, ఒక మొక్క పోతే పోయింది.

ఇంకొకటి: వడ్లు ఒక గ్లాసులో, బియ్యం ఒక గ్లాసులో, పెసలు ఒకదాంట్లో, పెసరపప్పు ఒకదాంట్లో, శనగలు, పుట్నాలు చెరొకదాంట్లో పెట్టండి. వడ్లు మొలుస్తాయి, బియ్యం మొలవదు, ఎందుకంటే మరలో పొట్టుతో పాటు మొలక భాగం కూడా పోతుంది. పప్పు మొలవదు. పుట్నాలు వేడికి చచ్చినవి. రైతు కుటుంబాల పిల్లలుంటే మండె కట్టడం గురించి ఇంట్లో అడిగి రమ్మనండి: వడ్లు ఒక రోజు నానబెట్టి, నీళ్ళు వంచేసి, గోనెలో మూటకట్టి మరో రోజు, రోజున్నర ఉంచుతారు. అదే పని చిన్న గుడ్డమూటలో తరగతిలో చేయవచ్చు.

గింజలు కుళ్ళి వాసన వస్తున్నాయి, లేదంటే బూజు పడుతోంది. ఏం చేయాలి?

నూటికి తొంభై సార్లు నీళ్ళు ఎక్కువవడమే కారణం. మొలిచే గింజ గాలి పీలుస్తుంది, నీళ్ళలో మునిగితే దానికి ఊపిరాడదు. ఇరవై మంది పిల్లలూ ప్రేమకొద్దీ తలా కాసిని పోస్తే ఏ గింజా బతకదు. గ్రూపుకు రోజూ ఒక్కరే “నీళ్ళ వంతు” తీసుకునేలా పేర్లు రాసి గోడకు అంటించండి. కొలత చెంచాలే: చిన్న గ్లాసుకు రోజుకు రెండు మూడు చెంచాలు.

పాత గింజలు, విరిగినవి, పుచ్చినవి ముందే ఏరేయండి. నానబెట్టిన నీళ్ళు తప్పకుండా వంచేసి గింజల్ని ఒకసారి కడగాలి. బూజు పట్టిన గ్లాసును మాత్రం పారేయకండి, మూతి ప్లాస్టిక్ కవరుతో కట్టేసి పక్కన పెట్టండి. బూజు కూడా ప్రాణే. అయితే కవరు విప్పనివ్వవద్దు, ఆయాసం ఉన్న పిల్లలకు మంచిది కాదు.

చీకట్లో పెట్టిన మొక్క ఎక్కువ పొడుగు పెరిగింది. పిల్లలు “చీకటే మంచిది” అంటున్నారు!

వాళ్ళు చూసింది నిజమే, తీసిన అర్థమే సగం. బీరువాలో పెట్టిన పెసర మొక్క వెలుతురు వెతుక్కుంటూ సాగుతుంది. కాడ సన్నగా, పాలిపోయి, ఆకులు చిన్నగా పసుపు రంగులో ఉంటాయి. మీరు సరిదిద్దకండి. ఇంకో వారం రెంటినీ అలాగే ఉంచి, పొడుగుతో పాటు కాడ లావు, ఆకుల సంఖ్య, రంగు కూడా రాయించండి. గింజలో దాచుకున్న తిండి అయిపోయాక చీకట్లోది వాలిపోతుంది. పోలిక మొదటి వారంలోనే ఆపేస్తే పిల్లలు తప్పు నేర్చుకుని వెళ్తారు. ఈ ప్రయోగంలో జరిగే అసలు పొరపాటు అదే.

కొలతలు రాని పిల్లలతో పెరుగుదల ఎలా కొలిపించాలి?

రంగు కాగితం పట్టీని మొక్క పక్కన నిలబెట్టి, మొక్క ఎత్తుకు కత్తిరించి, తేదీ వేసి గోడమీద వరసగా అంటించండి. రెండు రోజులకొకటి. పది రోజులకు అదే మెట్లు మెట్లుగా కనిపిస్తుంది, స్కేలు అక్కర్లేదు. మూడో తరగతి వాళ్ళు తర్వాత ఆ పట్టీల మీద సెంటీమీటర్లు వేసుకుంటారు.

మొలకల్ని దూదిలోంచి మట్టిలోకి మారిస్తే చచ్చిపోతున్నాయి.

వేర్లు దూది పోగుల్లో అల్లుకుపోతాయి, లాగితే తెగుతాయి. దూదితో సహా నాటండి, లేదా మొదటి నుంచీ మట్టిలోనే వేయండి. దూదిలో ఉంచేస్తే పప్పుబద్దల్లో తిండి అయిపోయి పది పన్నెండు రోజులకు వాడతాయి. ప్లాస్టిక్ గ్లాసుల్లో మట్టి నింపితే అడుగున మూడు నాలుగు చిల్లులుండాలి. మేకు కాల్చి మీరే పెట్టండి, పిల్లలతో వద్దు. రెండు పాళ్ళు మట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు మాగిన పశువుల ఎరువు చాలు. పచ్చి పేడ వేస్తే వేర్లు మాడతాయి.

సీతాకోకచిలుకను ఏ మొక్కతో పెంచాలి?

నిమ్మ లేదా కరివేపాకు. రెండూ ఒకే కుటుంబం మొక్కలు, రెంటి మీదా ఒకే రకం చిలుకలు గుడ్లు పెడతాయి. వానలకు లేత చిగుళ్ళు వచ్చినప్పుడు, జులై, ఆగస్టుల్లో ఆకుల మీద వెతకండి. గుడ్డు ఆవగింజంత, లేత పసుపు, ఒక్కొక్కటే ఉంటుంది. మూడు నాలుగు రోజులకు పొదుగుతుంది. చిన్న పురుగు నలుపు తెలుపు మచ్చలతో అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది. చాలామంది దాన్ని చూసి కూడా దాటిపోతారు, పిట్టలూ అలాగే మోసపోతాయి. చివరి దశలో ఆకుపచ్చగా మారి నాలుగు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. ముట్టుకుంటే తల వెనక నుంచి ఎర్రటి లేదా నారింజ రంగు కొమ్ముల జంట చాపి ఘాటు వాసన వదులుతుంది. పిల్లలకు ఇది పెద్ద వినోదం. ఒకటి రెండు సార్లు చాలు, పురుగును ఊరికే వేధించనివ్వవద్దు.

జిల్లేడు మీద కూడా సీతాకోకచిలుక పురుగులు సులభంగా దొరుకుతాయి. కానీ జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం, కాబట్టి చిన్న తరగతులకు వద్దు.

పెట్టె ఇలా: అడుగు ఎత్తు అట్టపెట్టె, రెండు వైపులా కిటికీలు కోసి పాత దోమతెర అంటించండి. నిమ్మ కొమ్మను చిన్న నీళ్ళ సీసాలో పెట్టి, సీసా మూతిని దూదితో బిగించండి. మూతి తెరిచి ఉంటే పురుగు కాడ వెంట దిగి నీళ్ళలో మునిగి చస్తుంది. మొదటిసారి చేసే వాళ్ళకు ఎక్కువగా జరిగేది ఇదే. పెట్టెకు మూడు పురుగులు దాటనివ్వకండి. కింద కాగితం పరిచి రెట్టలు రోజూ తీసేయండి.

కరివేపాకు అంగడి నుంచి తేవద్దు. మందు కొట్టిన ఆకు మనం కడుక్కుని తింటాం, పురుగు మాత్రం ఒక్క పూటలో చస్తుంది. పెరట్లో ఆకే కావాలి. పురుగు జీవితంలో తినేదాంట్లో ఎక్కువ భాగం చివరి నాలుగైదు రోజుల్లోనే తింటుంది, అందుకని మొక్క దగ్గరలో ఉందా, ఆకు సరిపోతుందా అని మొదలుపెట్టే ముందే చూసుకోండి.

పురుగు తినడం మానేసి, నీళ్ళలాగా రెట్ట వేసి, గోడలెక్కి తిరుగుతోంది. జబ్బు చేసిందా?

కాదు, గూడు దశకు సిద్ధమవుతోంది. కడుపు ఖాళీ చేసుకుని చోటు వెతుక్కుంటుంది. పెట్టెలో నిలువు పుల్లలు రెండు మూడు పెట్టి వదిలేయండి. పుల్లకు ఆనుకుని, నడుముకు పట్టుదారం కట్టుకుని, ఒక రోజులో చర్మం విడిచి గూడుగా మారుతుంది. చుట్టూ ఉన్నదాన్ని బట్టి గూడు ఆకుపచ్చగానో గోధుమరంగుగానో ఉంటుంది. ఈ సమయంలో పెట్టె కదపకూడదు.

గూడు కట్టి రెండు వారాలైంది, ఏమీ రాలేదు.

వానాకాలంలో ఎనిమిది నుంచి పన్నెండు రోజులు చాలు, చలికాలంలో ఎక్కువ పట్టవచ్చు. గూడు నల్లబడి, రెక్కల రంగులు పైకి కనిపిస్తే మర్నాడు వస్తుంది. రంగులేవీ లేకుండా నల్లగా మెత్తబడితే చచ్చిపోయినట్టే. గూడులోంచి చిన్న కందిరీగలో, ఈగ పురుగులో వస్తే మన పురుగు బయట ఉన్నప్పుడే అవి దాని లోపల గుడ్లు పెట్టాయన్నమాట. దీన్ని దాచకండి. “మన చిలుకను వేరే పురుగు తినేసింది” అని పిల్లలకు చెప్పవచ్చు, రెండో తరగతి వాళ్ళకు బాగానే అర్థమవుతుంది. ఇలాంటివి తగ్గాలంటే పెద్ద పురుగులకు బదులు గుడ్డు దశలో తెచ్చుకోవాలి.

గూడు ఊడి కింద పడితే, బఠాణీల పొట్లంలా కాగితం చుట్టి, తోక కిందికి ఉండేలా అందులో నిలబెట్టి పెట్టె గోడకు అతికించండి. చిలుక బయటికి వచ్చాక ఎక్కడానికి గరుకు చోటు ఉండాలి. రెక్కలు వేలాడదీసి ఆరబెట్టుకోవడానికి గంట రెండు గంటలు పడుతుంది. నున్నటి ప్లాస్టిక్ డబ్బాలో ఉంచితే జారిపడి రెక్కలు ముడుచుకునే ఎండిపోతాయి, ఇక ఎగరలేదు. అప్పుడు కింద పడే రంగునీళ్ళు రక్తం కాదు, ముందే చెప్పి ఉంచండి. ఎండ ఉన్న పూట నిమ్మచెట్టు దగ్గరే వదిలేయండి.

బొంతపురుగులు కూడా తేవచ్చా?

వద్దు. వెంట్రుకలున్న ఏ పురుగునూ ముట్టుకోనివ్వవద్దు. వానాకాలంలో మునగ చెట్టు మాను మీద గుంపుగా కనిపించే బొంతపురుగుల వెంట్రుకలు గుచ్చుకుంటే దురద, మంట. గుచ్చుకుంటే రుద్దకుండా, అతుక్కునే టేపును అద్ది లాగి, సబ్బునీళ్ళతో కడగండి.

పట్టుపురుగులు ఎలా దొరుకుతాయి?

హిందూపురం, మదనపల్లె, పలమనేరు వైపు బడులకు ఇది అన్నిటికన్నా తేలిక. తెలంగాణలోనూ మల్బరీ సాగు ఉన్న ఊళ్ళలో అడగవచ్చు. రెండో జ్వరం దాటిన చాకీ పురుగులు, అంటే లేత దశలోవి, ఇరవై ఇమ్మని రైతును అడగండి. రైతులు చర్మం విడిచే నిద్రను జ్వరం అంటారు, పిల్లలకు ఆ మాటే చెప్పండి. అక్కడి నుంచి గూడు కట్టే దాకా మూడు వారాల లోపే. ఒక్కో పురుగుకు మొత్తం మీద పాతిక గ్రాముల ఆకు పడుతుంది, వృథా కలుపుకుని ఇరవైటికి కిలో ఆకు లెక్కపెట్టుకోండి. మల్బరీ తప్ప ఇంకేం తినవు. తడి ఆకు వేస్తే జబ్బు చేస్తాయి, ఆరబెట్టి వేయండి. పొగాకు తాకిన చేత్తో ముట్టుకుంటే చస్తాయి. పళ్ళెం పెట్టిన బల్ల కాళ్ళను నీళ్ళ గిన్నెల్లో ఉంచకపోతే చీమలు ఒక్క రాత్రిలో ప్రాజెక్టు ముగించేస్తాయి.

జ్వరంలో ఉన్న పురుగు తల ఎత్తి కదలకుండా ఉంటుంది. ఆ రోజు ఆకు వేయకూడదు, కదపకూడదు. గూడుకొచ్చినప్పుడు ఒళ్ళు పసుపు పచ్చగా మెరుస్తుంది. అప్పుడు చంద్రికల్లోకి, అంటే వెదురు అల్లిక తట్టలోకి మార్చాలి. లేకపోతే కోడిగుడ్ల అట్ట చాలు. పది పన్నెండు రోజులకు చిలక వస్తుంది. అది తినదు, ఎగరలేదు, గుడ్లు పెట్టి చస్తుంది.

పట్టు కోసం గూళ్ళను ఉడికిస్తారని, లోపలి పురుగు చస్తుందని పిల్లలు ఎలాగూ కనిపెడతారు. అబద్ధం చెప్పవద్దు. అమ్మ పట్టుచీర గురించి ప్రశ్నలొస్తాయి, రానివ్వండి.

వానపాముల సీసా ఎలా కట్టాలి?

రెండు లీటర్ల వెడల్పాటి ప్లాస్టిక్ డబ్బాలో ఐదు సెంటీమీటర్ల మట్టి, రెండు సెంటీమీటర్ల ఇసుక, మళ్ళీ మట్టి, మళ్ళీ ఇసుక. పైన ఎండుటాకులు. మట్టి పిడికిట్లో నొక్కితే ముద్దవ్వాలి, నీళ్ళు కారకూడదు. నాలుగైదు వానపాములు వేసి, చుట్టూ నల్లకాగితం చుట్టి, నీడలో పెట్టండి. పది రోజుల తర్వాత కాగితం తీస్తే పొరలు కలిసిపోయి, సొరంగాలు కనిపిస్తాయి. పక్కన పాములు లేని ఇంకో డబ్బా పెడితేనే పోలిక కుదురుతుంది, లేకపోతే “మట్టి దానంతట అదే కలిసింది” అనుకుంటారు.

మట్టి ఊటయితే పాములు పైకొచ్చి చస్తాయి. ఉప్పు, కారం, నూనె, నిమ్మతొక్కలు వేయకూడదు. ఎరువు తొట్లలో పెంచే రకాలు పైపైనే చెత్తలో బతుకుతాయి, లోతుకు తొలవవు. కాబట్టి ఈ సీసాకు పొలం మట్టిలో దొరికేవే కావాలి.

తోకకప్పల్ని పెంచవచ్చా?

రెండు షరతులతో పెంచవచ్చు: ఐదు లీటర్ల నీళ్ళకు ఐదుకు మించకూడదు, ఎక్కడ తెచ్చారో అక్కడే వదలాలి. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, ఒక రోజు తెరిచి ఉంచి పోయండి. సగం నీళ్ళు ఆ కుంటవే అయితే ఇంకా మంచిది. ఉడికించిన పాలకూర చిటికెడు చాలు, మిగిలిపోతే నీళ్ళు కంపుకొట్టి అన్నీ పోతాయి. మొదట వెనక కాళ్ళు వస్తాయి, తర్వాత ముందు కాళ్ళు. ముందు కాళ్ళు రాగానే నీళ్ళు తగ్గించి రాయి పెట్టండి, ఎక్కడానికి చోటు లేకపోతే అప్పుడే తయారైన కప్ప మునిగిపోతుంది.

ఆరుద్ర పురుగుల గురించి ఏం చెప్పాలి?

తొలకరికి నేలమీద కనిపించే ఎర్ర మఖమల్ పురుగును పిల్లలు అగ్గిపెట్టెల్లో తెస్తారు. కాళ్ళు లెక్కపెట్టమనండి. ఎనిమిది! చీమకు ఆరు. అందుకే ఇది సాలెపురుగు బంధువు, కీటకం కాదు. భూతద్దంతో పదినిమిషాలు చూసి, తెచ్చిన చోటే వదిలించండి. ఏడాదిలో కొద్ది రోజులే అది పైకొస్తుంది, అగ్గిపెట్టెలో ఎక్కువ కాలం బతకదు.

దోమ పిల్లల్ని చూపించవచ్చా?

మూడో తరగతికి, జాగ్రత్తగా. నిల్వ నీళ్ళలో దొరికిన వాటిని సీసాలో పోసి, మూతికి రెండు పొరల దోమతెర రబ్బరుతో బిగించండి. గుడ్డు నుంచి దోమ అయ్యే దాకా వారం పది రోజులు. వారానికోసారి శుక్రవారం డ్రై డే పేరుతో తొట్లు, డ్రమ్ములు ఖాళీ చేయమని ఎందుకు చెబుతారో ఈ లెక్కతోనే తెలుస్తుంది. రెక్కలు రాకముందే, అంటే కామాలా వంకరగా తిరిగే దశ కనిపించగానే, నీళ్ళను ఎండిన నేలమీద పారబోయండి. మురుగుకాల్వలో కాదు.

కోడిగుడ్లు పొదిగించే యంత్రం కొనాలా?

మేం వద్దనే అంటాం. 21 రోజుల పాటు 37.5 డిగ్రీలు నిలవాలి, 18వ రోజు దాకా రోజుకు మూడు సార్లయినా గుడ్లు తిప్పాలి, ఆదివారాలు కూడా. ఒక మధ్యాహ్నం కరెంటు పోతే చాలు. పిల్లలయ్యాక వాటినెవరు పెంచుతారన్నది ఇంకో చిక్కు. అంగట్లో కొన్న ఫారం గుడ్లు అసలు పొదగవు, అక్కడ పుంజులుండవు. ఊళ్ళో ఎవరింట్లోనైనా పొదుగుడు కోడి ఉంటే, వారానికోసారి పిల్లల్ని దూరం నుంచి చూపించి రండి.

ఏవి తరగతిలోకి రానివ్వకూడదు?

లెక్కలు నేర్పడానికి గురివింద గింజలు ఇప్పటికీ కొన్ని బడుల్లో వాడుతున్నారు. నమిలితే ప్రాణాంతకం, వెంటనే తీసేయండి. ఆముదం గింజలదీ అదే సంగతి. పెద్దగా, చూపించడానికి వీలుగా ఉంటాయని పై తరగతుల్లో వాడతారు, చిన్న పిల్లలకు మాత్రం వద్దు. గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త కూడా. విత్తనాల దుకాణంలో కొన్న గులాబీ, నీలం, ఆకుపచ్చ రంగు పూసిన గింజలు పురుగుమందు పట్టించినవి. కిరాణా దుకాణం గింజలే వాడండి.

పెసలు, శనగలు ముక్కులో, చెవిలో పెట్టుకోవడం చిన్నపిల్లలకు మామూలే, తడికి అవి లోపల ఉబ్బుతాయి. పిల్లకు మూడేసి గింజలు లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి వెనక్కి తీసుకోండి. ఇరుక్కుంటే పిన్నులతో గెలకవద్దు, నీళ్ళు పోయవద్దు, డాక్టరు దగ్గరికే.

రామచిలుక, నక్షత్ర తాబేలు బడిలో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. 2018 నుంచి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి రామచిలుకే అయినా పంజరాలు తగ్గలేదు.

“గింజకు ప్రాణం లేదు, ఫ్యానుకు ఉంది” అంటున్నారు. సరిదిద్దాలా?

వెంటనే కాదు. కదిలేదంతా ప్రాణమున్నదే అని చిన్నపిల్లలు అనుకుంటారని 1920లలోనే మనస్తత్వ శాస్త్రవేత్త పియాజే గమనించాడు. మబ్బు, సూర్యుడు, బస్సు వాళ్ళకు ప్రాణులే, చెట్టు కాకపోవచ్చు. ప్రాజెక్టు మొదట్లో రాయి, గింజ, ఈక, చీమ, కొవ్వొత్తి, ఎండుటాకు, గడియారం లాంటి పది వస్తువుల్ని రెండు కుప్పలు చేయించి ఫోటో తీసుకోండి. నెల తర్వాత మళ్ళీ చేయించండి. గింజ ఏ కుప్పలోకి మారిందో చూస్తే చాలు, వేరే పరీక్ష అక్కర్లేదు. వాదన తెగకపోతే తీర్పు చెప్పకండి. “ఏం చేస్తే తెలుస్తుంది?” అని అడగండి.

పురుగు చచ్చిపోయింది. పిల్లలు ఏడుస్తున్నారు.

“నిద్రపోయింది” అనవద్దు. కొందరు పిల్లలు రాత్రి పడుకోవడానికి భయపడతారు. చచ్చిపోయిందని, ఇక కదలదని, తినదని మామూలు గొంతుతో చెప్పండి. చూస్తామంటే చూడనివ్వండి, తర్వాత మట్టిలో పెట్టించండి. వాళ్ళు పెట్టిన ఆకు వల్లో, నీళ్ళ వల్లో చచ్చిపోయి ఉంటే కారణం చెప్పండి, పేరు పెట్టి ఏ పిల్లనూ నిందించవద్దు. రాత్రికి రాత్రే కొత్త పురుగును తెచ్చి పెట్టే టీచర్లున్నారు. పిల్లలు పట్టేస్తారు, ఆపై మీ మాట నమ్మరు.

ఏ నెలలో ఏది పెట్టుకోవాలి?

సెలవులే అసలు ఇబ్బంది. జూన్ నడుమ బడి తెరవగానే వేపపండ్లు రాలుతుంటాయి. వేప గింజకు మొలిచే శక్తి రెండు మూడు వారాలే ఉంటుంది కాబట్టి గుజ్జు కడిగి అప్పుడే పాతించండి. జులై, ఆగస్టుల్లో తోకకప్పలు, సీతాకోకచిలుకలు. దసరా సెలవులకు కనీసం వారం ముందే ఏ పురుగు ప్రాజెక్టయినా ముగిసిపోవాలి, గూడు దశలో సెలవులొస్తే ఎవరో ఒకరు ఇంటికి తీసుకెళ్ళాలి. చలికాలం మెంతులు, ధనియాలకు బాగుంటుంది. ఒంటిపూట బడులు మొదలయ్యాక తరగతిలో ఏదీ పెంచకండి, మధ్యాహ్నం మూసిన గది కొలిమి. అప్పుడు ఆవరణలో వేపచెట్టును చూడండి: ఆకు రాల్చడం, ఎర్రటి చిగురు, ఉగాదికి పువ్వు. నెలకో బొమ్మ చొప్పున జూన్ నుంచి అదే చెట్టును గీయిస్తే ఏప్రిల్‌కు పదీ పదకొండు బొమ్మలవుతాయి.

ఒకే టీచరు, మూడు తరగతులు, నలభై మంది. కుదురుతుందా?

ఐదుగురికి ఒక గ్లాసు, ఒక పురుగుల పెట్టె అందరికీ కలిపి. మూడో తరగతి వాళ్ళు రాసేవాళ్ళు, ఒకటో తరగతి వాళ్ళు చూసి చెప్పేవాళ్ళు, ఇద్దరూ జంట. రోజుకు ప్రార్థన తర్వాత ఏడెనిమిది నిమిషాలు, అంతకన్నా వద్దు. ఒకటి, రెండు తరగతులకు పరిసరాల విజ్ఞానం విడిగా లేదు, ఈ పని తెలుగు, లెక్కల పీరియడ్లలోనే ఇమిడిపోతుంది: పట్టీలు లెక్కలకు, వాక్యాలు తెలుగుకు.

తల్లిదండ్రులు “బడికి పంపింది పురుగులతో ఆడుకోవడానికా?” అంటున్నారు.

పెట్టె చూడ్డానికి పిలవండి, పిల్లల చేతే చెప్పించండి. చేతులు సబ్బుతో కడిగే పద్ధతి, మధ్యాహ్న భోజనానికి ముందు పెట్టె ముట్టుకోనివ్వని నియమం గోడమీద రాసి ఉంచండి, వాళ్ళ భయాల్లో సగం శుభ్రత గురించే. ఆయాసం, చర్మ అలర్జీ ఉన్న పిల్లల పేర్లు ముందే అడిగి రాసుకోండి.

నోటుబుక్కులో ఏం రాయించాలి?

తేదీ, బొమ్మ, ఒక వాక్యం. బోర్డు మీద బొమ్మ వేసి ఎక్కించమనకండి, నలభై పుస్తకాల్లో ఒకే మొక్క ఉంటే ఎవరూ చూడలేదన్నమాట. గీసే ముందు “నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది?” అని అడగండి. ఏమీ మారలేదన్నా రాయనివ్వండి. తప్పుగా గీసిన పాత బొమ్మను చెరిపించకండి, పక్క పేజీలో కొత్తది వేయించండి.